ఐటీ సర్టిఫికేషన్లు, సొంతంగా చేసి నేర్చుకునే పని: కొత్తగా వచ్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పదమూడేళ్లుగా సర్వర్ల పనిలో ఉన్నాను. అందులో సగం కాలం నుంచి మా టీమ్‌లోకి వచ్చే కొత్తవాళ్లకు ఇంటర్వ్యూలు కూడా చేస్తున్నాను. డిగ్రీ, బీటెక్ అయిపోయిన పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకేలా ఉంటాయి. ఫోన్‌లో హడావిడిగా సగం సగం చెప్పేకన్నా, అన్నీ ఒకచోట నిదానంగా రాస్తే పదిమందికి పనికొస్తుందనిపించింది. ఫీజులు, నిబంధనలు మారుతూ ఉంటాయి. డబ్బు కట్టేముందు ఆ పరీక్ష పెట్టే సంస్థ సొంత సైట్‌లో ఒకసారి చూసుకోండి.

సర్టిఫికేషన్ ఉంటే ఉద్యోగం వస్తుందా?

ఇంటర్వ్యూ పిలుపు రావచ్చు. ఒక్క పోస్టుకు వందల రెజ్యూమెలు వచ్చినప్పుడు, హెచ్ఆర్ వాళ్లు వడపోసే దశలో సర్టిఫికేట్ పేరు మీ రెజ్యూమెను పైకి తెస్తుంది. అక్కడితో దాని పని దాదాపు అయిపోయినట్టే. ఎదురుగా కూర్చున్నాక మేము అడిగేది, మీరు ఏం చేశారు, ఎక్కడ ఇరుక్కున్నారు, ఎలా బయటపడ్డారు అని.

రెండేళ్ల క్రితం గుంటూరు జిల్లా నుంచి ఒక అమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చింది. డిగ్రీలో కంప్యూటర్స్, చేతిలో ఒకే ఒక్క లినక్స్ (సర్వర్లలో ఎక్కువగా వాడే ఆపరేటింగ్ సిస్టమ్) సర్టిఫికేట్. డిస్క్ నిండిపోతే ఏం చేస్తావమ్మా అని అడిగాను. పుస్తకంలో సమాధానం, అంటే పెద్ద ఫైళ్లు వెతికి తీసేస్తాను అన్న మాట, అందరూ చెబుతారు. ఆమె ఇంకొంచెం ముందుకెళ్లింది. "సార్, మా ఇంట్లో ల్యాప్‌టాప్‌లో నేనే ఒక లాగ్ ఫైల్‌తో డిస్క్ నింపాను. ఫైల్ డిలీట్ చేశాక కూడా నూరు శాతమే చూపించింది. సాయంత్రమంతా అర్థం కాలేదు. చివరికి ఆ ఫైల్‌ని ఒక ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పట్టుకుని ఉందని తెలిసింది. దాన్ని రీస్టార్ట్ చేస్తే జాగా ఖాళీ అయింది" అంది. నిజమైన సర్వర్‌లో అర్ధరాత్రి మాకు ఎదురయ్యే సమస్య ఇదే. ఆ తర్వాత మేము పెద్దగా ప్రశ్నలు అడగలేదు. ఆమె ఇప్పుడు మా పక్క టీమ్‌లో ఉంది.

ఏ సర్టిఫికేషన్‌తో మొదలుపెట్టాలి?

ఈ ప్రశ్నను కొంచెం తిప్పి అడగాలి. ముందు ఏ పని చేయాలనుకుంటున్నారో తేల్చుకోండి. నౌక్రీ, లింక్డ్ఇన్ లాంటి చోట్ల ఆ పనికి వచ్చిన ప్రకటనలు ఒక ఇరవై చదవండి. అడుగుతున్న నైపుణ్యాలను కాగితం మీద గీతలు పెట్టుకుంటూ లెక్కేయండి. ఎక్కువ గీతలు పడ్డదే మీ మొదటి సర్టిఫికేషన్. పక్కింటి అబ్బాయి ఏడబ్ల్యూఎస్ (కంప్యూటర్లను నెట్ ద్వారా అద్దెకిచ్చే అమెజాన్ క్లౌడ్) చేశాడు కాబట్టి మనమూ చేద్దామని నలుగురితో నారాయణ అంటే ఆరు నెలలు పోతాయి.

డెస్క్‌టాప్ సపోర్ట్, హెల్ప్‌డెస్క్ అనుకుంటే కాంప్‌టియా ఏ ప్లస్ ఉంది. అందులో రెండు పరీక్షలు రాయాలి, ఫీజు రెండుసార్లు కట్టాలి. మన దగ్గర చిన్న కంపెనీల సపోర్ట్ ఉద్యోగాలకు ఈ సర్టిఫికేట్ కావాలని పట్టుబట్టేవాళ్లు తక్కువ. సిలబస్ మాత్రం చాలా మంచిది. చదవండి, నేర్చుకోండి, ఫీజు కట్టాలా వద్దా అన్నది తర్వాత ఆలోచించండి.

నెట్‌వర్కింగ్ అయితే సందేహం లేకుండా సిస్కో సీసీఎన్ఏ. 2020 ఫిబ్రవరి నుంచి దానికి 200-301 అనే ఒకే పరీక్ష ఉంది. రెండు గంటలు, ఫీజు 300 డాలర్లు, పైన పన్ను. ఖరీదైనదే, కానీ పునాది గట్టిగా పడుతుంది. క్లౌడ్‌కి వెళ్లినా సెక్యూరిటీకి వెళ్లినా సబ్‌నెట్ లెక్కలు (నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా విడగొట్టడం), రౌటింగ్ (డేటాకు దారి చూపడం), వీలాన్‌లు (ఒకే స్విచ్ మీద వేరువేరు నెట్‌వర్క్‌లు) మిమ్మల్ని వదలవు.

లినక్స్ అడ్మిన్ పనికి రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష ఇది. ఇందులో నాలుగు జవాబుల్లో ఒకటి టిక్ పెట్టడం ఉండదు. ఒక మెషీన్ ఇచ్చి పనులు చేయమంటారు. 300కి 210 మార్కులు రావాలి. ఇంటర్నెట్ ఉండదు, సిస్టమ్‌లో ఉన్న మ్యాన్ పేజీలే (కమాండ్ల వివరాలు రాసి ఉండే పేజీలు) దిక్కు. మీరు చేసిన మార్పులు రీబూట్ తర్వాత కూడా నిలబడాలి. చాలామంది అక్కడే పోగొట్టుకుంటారు. పని చేసేస్తారు, అది శాశ్వతంగా ఉండేలా రాయడం మర్చిపోతారు.

క్లౌడ్‌లో ఏడబ్ల్యూఎస్ క్లౌడ్ ప్రాక్టీషనర్ 100 డాలర్లు, సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ 150 డాలర్లు. టెక్నికల్ ఉద్యోగం కోరుకునేవాళ్లు నేరుగా రెండోదానికి సిద్ధం కావడం మేలని నా అభిప్రాయం. మొదటిది సేల్స్, మేనేజ్‌మెంట్ వాళ్లకు కూడా సరిపోయేలా తయారైంది. కంప్యూటర్ నేపథ్యం అసలు లేనివాళ్లకు మొదటి మెట్టుగా బాగుంటుంది. మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ అజ్యూర్ వైపు ఏజెడ్-900 ప్రాథమికం, అడ్మిన్ ఉద్యోగానికి అడిగేది ఏజెడ్-104.

టెస్టింగ్‌కి ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్. గంటలో 40 ప్రశ్నలు, 26 సరైనవైతే పాస్. జీవితాంతం చెల్లుతుంది. టెస్టింగ్ భాష, పద్ధతి తెలుస్తాయి, కానీ దానితోపాటు ఆటోమేషన్ రాకపోతే ఈ రోజుల్లో కష్టం. సెక్యూరిటీకి కాంప్‌టియా సెక్యూరిటీ ప్లస్. 90 నిమిషాల్లో గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 900కి 750 రావాలి. కానీ నెట్‌వర్కింగ్ రాకుండా సెక్యూరిటీలోకి దూకకండి. ఇంటి తలుపులు ఎక్కడున్నాయో తెలియకుండా కాపలా కాయలేరు కదా.

నేను డెవలపర్ కావాలనుకుంటున్నాను. జావా సర్టిఫికేషన్ తీసుకోవాలా?

అవసరం లేదు. ఆ డబ్బు, ఆ మూడు నెలలు ఒక ప్రాజెక్టు మీద పెట్టండి. మీ ఊరి కిరాణా షాపులో ఉద్దెర ఖాతా రాసుకునే చిన్న అప్లికేషన్ చేసి, ఆ షాపాయనతో ఒక నెల నిజంగా వాడించి, ఆయన చెప్పిన మార్పులు చేసి, కోడ్‌ని నలుగురూ చూసేలా పెట్టే సైట్ గిట్‌హబ్‌లో పెట్టండి. అది నెట్‌లో దొరికే ఈ-కామర్స్ ప్రాజెక్టు కాపీ కన్నా చాలా బరువుగా ఉంటుంది.

నాది బీకామ్, పైగా రెండేళ్ల గ్యాప్. నన్నెవరు తీసుకుంటారు?

పెద్ద కంపెనీల క్యాంపస్ డ్రైవ్‌లు బ్రాంచి, మార్కుల శాతం, పాసైన సంవత్సరం చూస్తాయి. ఆ దారి మీకు ఇరుకే. హెల్ప్‌డెస్క్, నెట్‌వర్క్ మానిటరింగ్, డేటా సెంటర్ ఆపరేషన్స్, ఆసుపత్రుల్లోనూ కాలేజీల్లోనూ సిస్టమ్ అడ్మిన్ లాంటి పనుల్లో మాత్రం డిగ్రీ పేరు అంతగా చూడరు. రాత్రి షిఫ్ట్‌లు ఉంటాయి, మొదట్లో జీతం తక్కువ ఉంటుంది. ఏడాదిన్నర ఓపిక పట్టి అక్కడే లినక్స్ గానీ క్లౌడ్ గానీ గట్టిగా నేర్చుకుంటే తర్వాత మిమ్మల్ని బీకామ్ అని ఎవరూ అడగరు. గ్యాప్ గురించి అబద్ధం చెప్పొద్దు. "నాన్నగారికి బాగోలేక ఇంట్లో ఉన్నాను, పోయిన ఎనిమిది నెలలుగా ఇది నేర్చుకున్నాను, ఇదిగో నేను రాసుకున్న నోట్స్" అంటే చాలు.

అమీర్‌పేటలో కోచింగ్ చేరాలా, ఇంట్లోనే నేర్చుకోవచ్చా?

మైత్రీవనం చుట్టుపక్కల గోడల నిండా బోర్డులు, చేతుల్లో కరపత్రాలు, గదిలో పట్టనంతమంది. హైదరాబాద్ ఐటీలో ఎంతోమంది జీవితాలు అక్కడి క్లాసుల నుంచే మొదలయ్యాయి. తక్కువ ఫీజుకు తెలుగులో, మనకు అర్థమయ్యేలా చెప్పే మంచి మాస్టార్లు అక్కడున్నారు. ఆ మాట నిజంగా గౌరవంతోనే అంటున్నాను.

చేరేముందు డెమో క్లాసు విని వచ్చేయకండి. డెమో అందరూ బాగానే చెబుతారు. నాలుగైదు విషయాలు అడగండి. ల్యాబ్‌లో ఒక్కొక్కరికి రోజుకు ఎన్ని గంటలు? మెషీన్ మీద మనమే చేస్తామా, ఆయన తెర మీద చేస్తుంటే చూస్తామా? క్లాసు మధ్యలో సందేహం అడగొచ్చా? బ్యాచ్ సగంలో ఉన్న ఒక విద్యార్థితో మాట్లాడొచ్చా? ఈ చివరి దానికి వద్దంటే ఇంకో చోట చూసుకోండి. "నూరు శాతం ప్లేస్‌మెంట్, ఉద్యోగం వచ్చాకే మిగతా ఫీజు" అంటూ అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్ల దగ్గర కాగితం మీద రాసివ్వమని అడగండి. ఒరిజినల్ సర్టిఫికేట్లు మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టకండి.

ఇంట్లో కూర్చుని నేర్చుకోగలిగే క్రమశిక్షణ ఉంటే కోచింగ్ లేకపోయినా నష్టం లేదు. మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో పాఠాలు ఉచితం. అక్కడే అప్లైడ్ స్కిల్స్ పేరుతో ల్యాబ్‌లో పని చేయించి చూసే పరీక్షలు కూడా ఉచితంగా ఉన్నాయి. ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్ కోర్సులు కేంద్ర ప్రభుత్వపు "స్వయం" అనే ఆన్‌లైన్ వేదిక మీద ఉచితంగా చూడొచ్చు, సర్టిఫికేట్ కావాలంటే పరీక్ష ఫీజు 1000 రూపాయలు. తెలంగాణలో టాస్క్, ఆంధ్రలో ఏపీఎస్‌ఎస్‌డీసీ ప్రభుత్వ నైపుణ్య సంస్థలు. మీ కాలేజీ వాటితో కలిసి పనిచేస్తోందేమో ప్లేస్‌మెంట్ సార్‌ని అడగండి. చాలామంది పిల్లలకు తమ కాలేజీలోనే అది ఉందని కూడా తెలియదు.

తెలుగు మీడియం. ఇంగ్లీషంటే టెన్షన్. పరీక్ష రాయగలనా?

రాయగలరు. పరీక్షల్లో ఉండే ఇంగ్లీషు కథల ఇంగ్లీషు కాదు, మూడు నాలుగు వందల పదాలు తిరిగి తిరిగి వస్తాయి. పాఠం తెలుగు వీడియోలో అర్థం చేసుకోండి, నోట్స్ మాత్రం ఇంగ్లీషులో రాసుకోండి. ఎర్రర్ మెసేజ్ వచ్చినప్పుడు కంగారుగా మూసేయకుండా బయటికి గట్టిగా రెండుసార్లు చదవండి. సగం ఎర్రర్‌లు సమస్య ఏమిటో వాటంతట అవే చెబుతాయి. నేనూ పదో తరగతి వరకు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలోనే చదివాను.

నా ల్యాప్‌టాప్ 8 జీబీ ర్యామ్. ఇంట్లో ల్యాబ్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. ఒకే కంప్యూటర్ లోపల వేరే కంప్యూటర్లను (వర్చువల్ మెషీన్లను) నడిపే వర్చువల్‌బాక్స్ ఉచితం. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్‌లలో) వర్చువలైజేషన్ ఆన్ చేసి, గ్రాఫికల్ డెస్క్‌టాప్ లేకుండా రెండు లినక్స్ మెషీన్లు పెట్టుకోండి. ఒక్కోదానికి ఒకటిన్నర జీబీ చాలు. బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లు మాత్రం తెరిచి ఉంచకండి. రెడ్ హ్యాట్ కావాలంటే వ్యక్తిగత డెవలపర్ ఖాతాతో 16 సిస్టమ్‌ల వరకు ఉచితంగా ఇస్తారు. ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ కూడా దాదాపు అలాగే ఉంటాయి. నెట్‌వర్కింగ్‌కి సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఖాతా తెరిస్తే, తెర మీదే నెట్‌వర్క్ కట్టి చూసే ప్యాకెట్ ట్రేసర్ ఉచితం, అది పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది.

ల్యాప్‌టాప్ అసలు లేకపోతే? కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్‌ని బతిమాలి సాయంత్రం రెండు గంటలు కూర్చోండి. ఫోన్ మీద కమాండ్లు కొడుతూ నేర్చుకున్నవాళ్లను కూడా చూశాను. కష్టమే, కానీ వాళ్లు నేర్చుకున్నారు.

ల్యాబ్ పెట్టుకున్నాను. ఇప్పుడు ఏం చేయాలి?

ఈ ప్రశ్నకు నేను ఎక్కువసేపు సమాధానం చెబుతాను, ఎందుకంటే నా దృష్టిలో మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

వీడియోలో చూపించినట్టు చేస్తే అన్నీ పనిచేస్తాయి. పనిచేసిన దాని నుంచి నేర్చుకునేది తక్కువ. కాబట్టి ఏదైనా పనిచేయగానే దాన్ని చెడగొట్టండి, మళ్లీ బాగుచేయండి. వర్చువల్ మెషీన్‌కి ముందే స్నాప్‌షాట్ (మళ్లీ వెనక్కి వెళ్లేందుకు అప్పటి స్థితి కాపీ) తీసి పెట్టుకుంటే భయం లేదు.

డిస్క్‌లు మౌంట్ చేసే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో ఒక అక్షరం కావాలని తప్పు రాసి రీబూట్ చేయండి. మెషీన్ లేవదు, ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. అక్కడి నుంచి దాన్ని లేపండి. మొదటిసారి చెమటలు పడతాయి. మూడోసారికి అయిదు నిమిషాల పని. రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) పాస్‌వర్డ్ మర్చిపోయినట్టు అనుకుని మార్చడం నేర్చుకోండి. వెబ్ సర్వర్ ఫైళ్లను వేరే ఫోల్డర్‌లోకి మార్చండి. అన్ని పర్మిషన్లూ సరిగ్గానే ఉన్నా పేజీ రాదు, 403 అంటుంది, అంటే అనుమతి లేదని. పర్మిషన్ల పైన ఇంకో కాపలాగా ఉండే ఎస్ఈలినక్స్ అంటే ఏమిటో ఆ రోజు అర్థమవుతుంది. దాన్ని ఆఫ్ చేసి చేతులు దులుపుకోకండి, సరిచేయండి.

డీఎన్ఎస్ (సైట్ పేరును ఐపీ నంబరుగా మార్చే వ్యవస్థ) సెట్టింగ్ పాడుచేసి చూడండి. ఐపీ నంబరుతో పింగ్ వెళ్తుంది, పేరుతో వెళ్లదు. "నెట్ రావట్లేదు" అని ఆఫీసులో వచ్చే ఫిర్యాదుల్లో ఇది ఎన్నిసార్లు కారణమో లెక్కలేదు. ప్యాకెట్ ట్రేసర్‌లో రెండు కంప్యూటర్లు పెట్టి ఒకదానికి 192.168.1.10, ఇంకోదానికి 192.168.1.200 ఇవ్వండి. మాస్క్ 255.255.255.0 ఉంటే మాట్లాడుకుంటాయి. రెండిటికీ 255.255.255.128 పెట్టి చూడండి, మాటలు బంద్. ఎందుకో మీరే కాగితం మీద లెక్కేసి రాయండి. సబ్‌నెట్‌లు ఈ ఒక్క ప్రయోగంతో అర్థమైనంతగా పది వీడియోలతో అర్థం కావు.

క్లౌడ్‌లో ఒక చిన్న సర్వర్ మీద పేజీ పెట్టండి. ఏడబ్ల్యూఎస్‌కి 2022 నవంబరు నుంచి హైదరాబాద్ రీజియన్ ఉంది, అక్కడే పెట్టుకోవచ్చు. సెక్యూరిటీ గ్రూప్‌లో (సర్వర్‌కి కాపలా కాసే క్లౌడ్ ఫైర్‌వాల్‌లో) వెబ్ పేజీలు వెళ్లే 80 పోర్ట్ మూసేయండి. బ్రౌజర్ చాలాసేపు తిరిగి తిరిగి టైమ్ అవుట్ అవుతుంది. ఇప్పుడు పోర్ట్ తెరిచి, లోపల వెబ్ సర్వీస్ ఆపేయండి. వెంటనే కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటుంది. తలుపు తాళం వేసి ఉండటానికీ, తలుపు తీసి ఉండి ఇంట్లో మనిషి లేకపోవడానికీ తేడా అది. ఈ తేడా చెప్పగలిగిన ఫ్రెషర్‌ని చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

చేసిన ప్రతిదాన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి: ఏం కనిపించింది, మొదట ఏమనుకున్నాను, నిజానికి ఏమిటి, ఎలా తెలిసింది. తప్పుగా అనుకున్నది కొట్టేయకుండా అలాగే ఉంచండి. ఇలాంటివి ముప్పై పేజీలు ఉంటే మీకు అనుభవం ఉన్నట్టే.

క్లౌడ్ ఖాతాకి కార్డ్ ఇవ్వాలంటున్నారు. వేలల్లో బిల్లు వస్తే?

భయం సహజమే, జాగ్రత్తలు ఉన్నాయి. ఏడబ్ల్యూఎస్‌లో 2025 జూలై మధ్య నుంచి కొత్త ఖాతాలకు పద్ధతి మారింది. చేరగానే 100 డాలర్ల క్రెడిట్, కొన్ని పనులు పూర్తిచేస్తే ఇంకో 100 వరకు ఇస్తారు. ఫ్రీ ప్లాన్ ఎంచుకుంటే ఆరు నెలలు లేదా క్రెడిట్లు అయిపోయేవరకు, ఏది ముందైతే అంతవరకు నడుస్తుంది. మీరుగా పెయిడ్ ప్లాన్‌కి మారితే తప్ప బిల్లు పడదు. పాత వీడియోల్లో చెప్పే పన్నెండు నెలల ఉచితం లెక్క కొత్త ఖాతాలకు వర్తించదు. అజ్యూర్‌లో మొదటి 30 రోజులకు 200 డాలర్ల క్రెడిట్, గూగుల్ క్లౌడ్‌లో 90 రోజులకు 300 డాలర్లు.

ఖాతా తెరిచిన రోజే మూడు పనులు చేయండి. రూట్ లాగిన్‌కి ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్‌తోపాటు ఫోన్ కోడ్ లాంటి రెండో తనిఖీ) పెట్టండి, రోజువారీ పనికి వేరే యూజర్ చేసుకోండి, బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి. యాక్సెస్ కీని (ప్రోగ్రామ్‌లు మీ ఖాతాలోకి వెళ్లడానికి వాడే రహస్య కీ) పొరపాటున కూడా గిట్‌హబ్‌లో పెట్టకండి. అలాంటి కీల కోసం వెతికే ప్రోగ్రామ్‌లు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. నాట్ గేట్‌వే, లోడ్ బ్యాలెన్సర్ లాంటివి వాడినా వాడకపోయినా గంటల లెక్కన డబ్బు తింటాయి. ల్యాబ్ అయిపోగానే తీసేసి, పడుకునేముందు ఇంకోసారి చూసుకోండి.

ఉద్యోగం లేకుండా అనుభవం ఎలా వస్తుంది?

ఇంటి ల్యాబ్ ఒకటి. రెండోది, మీ చుట్టూ నలుగురు వాడుతున్న కంప్యూటర్లు. మీ మండలంలో ప్రైవేట్ స్కూలుకి ఒక ల్యాబ్ ఉంటుంది, సగం మెషీన్లు మూలపడి ఉంటాయి. "సార్, నెలరోజులు సాయంత్రాలు వచ్చి బాగుచేస్తాను, చివర్లో ఒక లెటర్ ఇవ్వండి" అని హెడ్‌మాస్టర్‌ని అడగండి. ఇరవై మెషీన్లకు ఓఎస్ వేయడం, కేబుల్ క్రింపింగ్, ఒక ప్రింటర్‌ని అందరికీ పంచడం, యూపీఎస్ పోయినప్పుడు ఫైళ్లు కాపాడటం, ఇవన్నీ రెజ్యూమెలో నిజాయితీగా రాయదగ్గ పనులు. లోకల్ కేబుల్ ఇంటర్నెట్ ఆపరేటర్ దగ్గర రెండు నెలలు తిరిగినవాడికి ఫైబర్ గురించి తెలిసినంత చాలామంది ఇంజినీర్లకు తెలియదు.

మూడోది, ఓపెన్ సోర్స్. కోడ్ రాయలేకపోతే సూచనల పేజీలు సరిదిద్దండి, తెలుగులోకి మార్చండి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే స్వచ్ఛంద సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. అలాంటి చోట మీలాంటి నలుగురు కలుస్తారు, ఒంటరిగా చదువుతున్న భావన పోతుంది. సెక్యూరిటీ వైపు ఇష్టం ఉంటే ఓవర్ ద వైర్‌లో బ్యాండిట్ ఆట, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ల పికోసీటీఎఫ్ ఉచితం. అనుమతి లేకుండా బయటి సైట్ల మీద ప్రయోగాలు చేయడం మాత్రం నేరం, కాలేజీ వెబ్‌సైట్ అయినా సరే.

డంప్స్ (బయటికి పొక్కిన అసలు పరీక్ష ప్రశ్నలు, జవాబులు) చదివి పాసైతే తప్పేంటి? అందరూ అదే చేస్తున్నారు కదా?

పరీక్ష మొదట్లో మీరు ఒప్పుకునే షరతుల్లోనే ప్రశ్నలు బయటపెట్టకూడదని ఉంటుంది. డంప్స్ వాడినట్టు తేలితే సర్టిఫికేట్ రద్దు చేస్తారు, మళ్లీ రాయకుండా నిషేధం కూడా పెట్టొచ్చు. ఇంకో నష్టం నేను కళ్లారా చూస్తుంటాను. బట్టీపట్టినవాళ్లు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తెలిసిపోతారు. మొదటి ప్రశ్నకు పుస్తకం మాటల్లో చక్కగా చెబుతారు, "అది పనిచేయకపోతే?" అనగానే ఆగిపోతారు. ఆ ముఖాలు చూస్తే బాధేస్తుంది. తెలివిలేనివాళ్లు కారు, ఎవరో వాళ్లకు తప్పు దారి చూపించారు. మామూలు ప్రాక్టీస్ టెస్టులు వేరు, వాటిని నిక్షేపంగా వాడుకోండి.

ఫ్రెషర్‌కి ఉద్యోగాలు లేవు, రెండేళ్ల దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోమని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. పెట్టుకోవచ్చా?

వద్దు. దయచేసి వద్దు.

ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ యూఏఎన్ నంబరు (ఉద్యోగాలు మారినా ఒకటే ఉండే పీఎఫ్ నంబరు) అడుగుతారు. పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ రికార్డులో మీరు ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పనిచేశారో కనిపిస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జీతం పడిందా, ఆదాయపు పన్ను రికార్డులో టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసిన పన్ను) ఉందా అని చూస్తారు. కాగితాలు అమ్మేవాళ్లు అన్నీ పక్కాగా ఉంటాయంటారు. దొరికిపోయిన రోజు వాళ్ల ఫోన్ స్విచ్ఛాఫ్. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలయ్యాక, పెళ్లి కుదిరిన వారంలో పంపించేసిన ఒక అబ్బాయి నాకు తెలుసు. పని బాగా చేసేవాడు. ఆ కాగితం లేకపోయినా ఇంకో ఏడాదికి నిజంగానే అదే ఉద్యోగం తెచ్చుకునేవాడని నా నమ్మకం. ప్రాక్సీ ఇంటర్వ్యూలు (మీ బదులు ఇంకొకరు మాట్లాడటం), వేరేవాళ్లతో పరీక్ష రాయించడం కూడా ఇలాంటివే.

ఇంట్లో అప్పు ఉంది, చెల్లి పెళ్లి ఉంది, ఇంకెన్నాళ్లని ఆగాలి అని అడుగుతారు. ఆ ఒత్తిడి నాకు తెలుసు. అలాంటప్పుడు చిన్న సపోర్ట్ ఉద్యోగంలో నిజమైన పేస్లిప్‌తో చేరండి. ఆ పేస్లిప్ మీద మీ తర్వాతి ఇరవై ఏళ్లు నిలబడతాయి.

పరీక్ష రోజు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరుతోనే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో ఒక్క అక్షరం ఇనీషియల్, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు విడిగా ఉంటాయి. పరీక్షలు నిర్వహించే పియర్సన్ వ్యూ లాంటి చోట రిజిస్టర్ చేసేటప్పుడు, మీరు చూపించబోయే గుర్తింపు కార్డులో పేరు ఎలా ఉందో అచ్చంగా అలాగే ఇవ్వండి. సరిపోలకపోతే లోపలికి రానివ్వరు, ఫీజు పోతుంది. పాస్‌పోర్ట్ ఉంటే అదే వాడండి. వేరే కార్డ్ అయితే ఆ పరీక్షకు చెల్లుతుందో లేదో ముందే చూసుకోండి.

ఇంటి నుంచి రాసే వీలుంటుంది కానీ కరెంటు, నెట్, మధ్యలో తలుపు తోసుకుని వచ్చే చిన్నపిల్లలు, ఇవన్నీ ఆలోచిస్తే సెంటర్‌కి వెళ్లడమే ప్రశాంతం. పరీక్ష ముందురోజు రాత్రి కొత్త పాఠాలు పెట్టుకోకుండా నిద్రపోండి.

ఫెయిల్ అయితే?

మళ్లీ రాయొచ్చు. సీసీఎన్ఏకి అయిదు రోజులు, ఏడబ్ల్యూఎస్‌కి 14 రోజులు ఆగాలి. మైక్రోసాఫ్ట్‌లో మొదటిసారి పోతే 24 గంటల తర్వాతే మళ్లీ రాయవచ్చు. కుబర్నెటిస్ (అప్లికేషన్లను ఎన్నో సర్వర్ల మీద నడిపే సాఫ్ట్‌వేర్) అడ్మిన్ పరీక్ష సీకేఏ ఫీజులోనే ఇంకో ప్రయత్నం కలిసి ఉంటుంది. తొందరపడి వెంటనే కట్టకండి. స్కోర్ రిపోర్టులో ఏ భాగం తగ్గిందో చూసి, దాన్ని ల్యాబ్‌లో రెండు వారాలు చేయండి. ఒకసారి ఫెయిలైన సంగతి రెజ్యూమెలో ఎక్కడా కనిపించదు.

గడువు ఎంత? ప్రతిసారీ డబ్బు కట్టాలా?

సీసీఎన్ఏ, ఏడబ్ల్యూఎస్, సెక్యూరిటీ ప్లస్, ఆర్‌హెచ్‌సీఎస్ఏలకు మూడేళ్లు. సీకేఏకి రెండేళ్లు. ఏజెడ్-104 లాంటివి ఏడాదే, కానీ రెన్యువల్ ఆన్‌లైన్‌లో ఉచితం. ఏజెడ్-900 గడువు తీరదు. ఏడబ్ల్యూఎస్‌లో ఒక పరీక్ష పాసైతే తర్వాతి దానికి సగం ఫీజు తగ్గింపు వస్తుంది, మర్చిపోకండి. ఉద్యోగం వచ్చాక చాలా కంపెనీలు ఫీజు తిరిగి ఇస్తాయి. అందుకే మొదటి ఒక్కటి సొంత డబ్బుతో చేసి, మిగతావి కంపెనీ డబ్బుతో చేయడం తెలివైన పని.

అమెరికాలో ఎమ్మెస్ అయింది, ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే తాత్కాలిక అనుమతి) మీద ఉన్నాను. సెక్యూరిటీ ప్లస్ చేస్తే పని అవుతుందా?

అక్కడ ఆ సర్టిఫికేట్‌కి గిరాకీ ఎక్కువే. రక్షణ శాఖ పనులకు దాన్ని గుర్తిస్తారు కాబట్టి ప్రకటనల్లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. కానీ ఆ ఉద్యోగాల్లో చాలావాటికి పౌరసత్వం, సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి. ప్రకటనలో ఆ వాక్యం చదివాకే ఫీజు సంగతి ఆలోచించండి. ఇంకో మాట, సర్టిఫికేషన్ కోసం చదువుతున్న రోజులు ఓపీటీలో ఉద్యోగం చేసిన రోజులుగా లెక్కకు రావు. 90 రోజుల నిరుద్యోగ పరిమితి నడుస్తూనే ఉంటుంది.

ఏఐ వచ్చాక ఇవన్నీ నేర్చుకోవడం దండగ అంటున్నారు?

కమాండ్ అది రాసిస్తుంది, నేనూ రోజూ వాడతాను. అది రాసిచ్చిన కమాండ్‌ని వేలమంది వాడే సర్వర్ మీద కొట్టొచ్చా లేదా అని తేల్చాల్సింది మనిషే. తప్పయితే సమాధానం చెప్పాల్సిందీ మనిషే. పునాది లేనివాడికి అది తప్పు చెప్పినా తెలియదు. దాన్ని మంచి గురువుగా వాడుకునే దారి ఒకటుంది. "నా లినక్స్ మెషీన్‌ని చెడగొట్టే చిన్న స్క్రిప్ట్ రాయి, ఏం చెడగొట్టావో నాకు చెప్పకు, నేను అడిగినప్పుడు ఒక్కో చిన్న సూచన ఇవ్వు" అని అడగండి. స్నాప్‌షాట్ తీశాక, వర్చువల్ మెషీన్‌లో మాత్రమే.

ఇంటర్వ్యూలో "మీ ప్రాజెక్టు గురించి చెప్పండి" అంటే ఏం చెప్పాలి?

మీ నోట్‌బుక్‌లోంచి మీకు బాగా గుర్తున్న రెండు పేజీలు ఎంచుకుని, ఇంట్లో అమ్మకో తమ్ముడికో తెలుగులో చెప్పి చూడండి. వాళ్లకు కథ అర్థమైతే సరైన వరుసలో చెబుతున్నట్టే, ఆ తర్వాత అదే ఇంగ్లీషులో చెప్పండి. రెజ్యూమెలో "లినక్స్ మీద మంచి పట్టు" అని రాయకుండా "రెండు మెషీన్ల ల్యాబ్‌లో వెబ్ సర్వర్, డేటాబేస్ పెట్టి, డిస్క్ నిండటం, డీఎన్ఎస్, ఎస్ఈలినక్స్ సమస్యలు సరిచేశాను" అని రాయండి. అప్పుడు మేము దాని గురించే అడుగుతాం, మీరు చేసిన దాని గురించే మాట్లాడతారు.

తెలియనిది అడిగితే తెలియదనండి. వెంటనే "తెలుసుకోవాలంటే ముందు ఈ లాగ్ చూస్తాను, తర్వాత ఇది" అని మీ దారి చెప్పండి. నోట్‌బుక్‌ని బ్యాగులో పెట్టుకుని వెళ్లండి. అడిగితే తీసి చూపించండి, కొట్టివేతలున్నా సిగ్గుపడకండి. మొదట్లో చెప్పిన ఆ గుంటూరు జిల్లా అమ్మాయి నోట్‌బుక్ అట్ట మీద వినాయకుడి స్టిక్కర్ ఉండేది, లోపల పెన్సిల్‌తో గీసిన నెట్‌వర్క్ బొమ్మలు. దాన్ని మేము ముగ్గురం చేతులు మార్చుకుంటూ చదివాం.